మొండి జన్యువు దొరికేదెలా?

ప్రాణం నిలపాల్సిన మందును పనికిరాకుండా చేసేది బ్యాక్టీరియాలోని చిన్న డీఎన్‌ఏ ముక్క. దాన్ని పట్టుకోవడానికి కల్చర్ ప్లేటు నుంచి జన్యుక్రమ యంత్రం దాకా ల్యాబుల్లో ఎన్నో పద్ధతులున్నాయి. ఒక్కో పద్ధతి ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఆ జవాబులన్నీ కలిపి చదివితేనే రోగికి సరైన మందు అందుతుంది.

యాంటీబయాటిక్ నిరోధక జన్యువు అంటే, తనను చంపడానికి వచ్చిన మందును తట్టుకునే శక్తిని బ్యాక్టీరియాకు ఇచ్చే డీఎన్‌ఏ భాగం. ఈ శక్తి రెండు దారుల్లో వస్తుంది. డీఎన్‌ఏ నకలు తయారయ్యేటప్పుడు ఒక అక్షరం తప్పుపడి బ్యాక్టీరియా సొంత జన్యువే మారిపోవడం మొదటిది. క్షయ సూక్ష్మజీవి ఈ దారిలోనే మందులకు లొంగకుండా పోతుంది. పక్క బ్యాక్టీరియా నుంచి తయారుగా ఉన్న జన్యువును అందుకోవడం రెండోది. ఐసీయూలను కలవరపెట్టే క్లెబ్సియెల్లా, ఈ.కోలి లాంటివాటికి ఇది బాగా అలవాటైన దారి. వీటిలో క్రోమోజోముతో సంబంధం లేకుండా ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాలుంటాయి. ఒకే ప్లాస్మిడ్ మీద ఐదారు మందులను ఎదుర్కొనే జన్యువులు చేరి ఉండొచ్చు. రెండు బ్యాక్టీరియాలు ఒకదాన్నొకటి తాకినప్పుడు ఆ ప్లాస్మిడ్ నకలు ఇటు నుంచి అటు వెళ్తుంది. జాతి వేరైనా వెళ్తుంది. 1950ల్లో జపాన్‌లో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయింది. కారణం వెతికిన శాస్త్రవేత్తలకు ఈ బదిలీ సంగతి బయటపడింది.

నిరోధకత ప్రధానంగా నాలుగు రకాలుగా పనిచేస్తుంది. మందును విరిచేసే ఎంజైమ్‌ను తయారుచేయడం ఒకటి. పెన్సిలిన్ జనం వాడకంలోకి రాకముందే, 1940లో, ఎడ్వర్డ్ అబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ అలాంటి ఎంజైమ్‌ను గుర్తించారు. మందు వెళ్లి అతుక్కునే చోటునే మార్చేయడం రెండోది. స్టెఫైలోకాకస్‌లోని మెక్-ఏ జన్యువు చేసేది ఇదే. లోపలికి చేరిన మందును పంపులతో బయటికి తోడేయడం మూడోది. మందు వచ్చే ద్వారాలను తగ్గించుకోవడం నాలుగోది. మూడో రకానికి ఒక ఉదాహరణ చూద్దాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ నుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది తొలి మందు. ఆ కుటుంబం మందులను బయటికి తోడేసే టెట్-ఏ లాంటి పంపు జన్యువులు ఇవాళ మనుషుల్లోనూ పశువుల్లోనూ ఉండే బ్యాక్టీరియాలో విస్తారంగా కనిపిస్తున్నాయి.

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది నేరుగా ప్రాణాలు కోల్పోయారని, మొత్తం 49.5 లక్షల మరణాలతో దానికి సంబంధం ఉందని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది. ఇంతటి ముప్పును ఎదుర్కోవాలంటే ల్యాబ్ మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి. ఈ రోగికి ఏ మందు పనిచేస్తుంది? మిగతావి ఎందుకు పనిచేయడం లేదు? దానికి కారణమైన జన్యువు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పాకుతోంది? పద్ధతులన్నీ ఈ మూడింటి చుట్టూ పుట్టినవే.

కల్చర్: మొదటి మెట్టు

రక్తం, మూత్రం, కళ్లె, చీము ఏదైనా సరే, నమూనా ల్యాబుకు చేరగానే మొదట జరిగేది కల్చర్. బ్యాక్టీరియాకు ఆహారమైన అగార్ ప్లేట్ల మీద నమూనాను పూసి ఇన్‌క్యుబేటర్‌లో ఉంచుతారు. మర్నాటికి కాలనీలు కనిపిస్తాయి. అందులోంచి ఒకే రకం కాలనీని ఏరి, అది ఏ జాతి బ్యాక్టీరియానో తేలుస్తారు. తర్వాత సెన్సిటివిటీ పరీక్ష.

ఎక్కువ ల్యాబుల్లో ఇప్పటికీ జరిగేది 1966లో విలియం కిర్బీ, ఆల్ఫ్రెడ్ బావర్ బృందం ప్రామాణికం చేసిన డిస్క్ పరీక్షే. బ్యాక్టీరియాను ద్రావణంలో కలిపి, మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల కణాలుండేలా చిక్కదనం సరిచూస్తారు. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ముల్లర్-హింటన్ అగార్ మీద దాన్ని ఖాళీ లేకుండా పూస్తారు. మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలను పైన పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఏర్పడుతుంది. దాని వ్యాసాన్ని కొలిచి పట్టికతో పోలుస్తారు. ఉదాహరణకు, అమెరికా ప్రమాణాల ప్రకారం ఈ.కోలి, క్లెబ్సియెల్లా కుటుంబానికి మెరోపెనెమ్ వలయం 23 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉంటే మందు పనిచేస్తుందని అర్థం. 19, అంతకంటే తక్కువ అయితే లొంగదని అర్థం. రిపోర్టులో మందుల పేర్ల పక్కన కనిపించే సెన్సిటివ్, రెసిస్టెంట్ అనే మాటలు ఈ కొలతల నుంచే వస్తాయి.

కాస్త లోతుగా తెలియాలంటే ఎంఐసీ కొలవాలి. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపగల కనీస మందు మోతాదు అది. వరుస గుంటలున్న ప్లాస్టిక్ పలకలో ఒక్కో గుంటలో మందు గాఢతను సగానికి సగం తగ్గిస్తూ పోసి, అన్నిట్లో ఒకే పరిమాణంలో బ్యాక్టీరియాను వేస్తారు. మర్నాడు ఏ గుంట దగ్గర ద్రవం తేటగా ఆగిందో చూస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో ఈ పనిని యంత్రాలు చేస్తున్నాయి.

కొన్ని మందులకు డిస్క్ పరీక్ష అసలు సరిపోదు. కొలిస్టిన్ అణువు పెద్దది కావడంతో అగార్‌లో సరిగా వ్యాపించదు. వలయాన్ని చూసి నిర్ణయిస్తే తప్పు రిపోర్టు వస్తుంది. అందుకే దానికి గుంటల పలక పద్ధతినే ప్రమాణంగా తీసుకుంటారు.

కల్చర్ మొదటి ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతుంది. బ్యాక్టీరియా చచ్చిందా, బతికిందా అన్నది కళ్లముందే కనిపిస్తుంది కాబట్టి దాని మాటకు విలువ ఎక్కువ. ఇబ్బంది ఏమిటంటే, రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. బతికితే ఎందుకు బతికిందో చెప్పదు.

ఎంజైమ్‌ను పట్టించే పరీక్షలు

నిరోధకత వెనకున్న యంత్రాంగాన్ని జన్యువు దాకా వెళ్లకుండానే కొంతవరకు పసిగట్టవచ్చు. సెఫలోస్పోరిన్ రకం మందులను విరిచే ఈఎస్‌బీఎల్ ఎంజైమ్‌లను క్లావులానిక్ ఆమ్లం అడ్డుకుంటుంది. అందుకని ఒక బిళ్లలో మందు మాత్రమే, మరో బిళ్లలో మందుతో పాటు క్లావులానిక్ ఆమ్లం పెడతారు. రెండో వలయం మొదటిదానికంటే కనీసం 5 మిల్లీమీటర్లు పెద్దదైతే ఈఎస్‌బీఎల్ ఉన్నట్టు లెక్క.

ఇంకా తీవ్రమైనవి కార్బపెనెమేజ్‌లు. చివరి అస్త్రంగా దాచుకునే మెరోపెనెమ్, ఇమిపెనెమ్ లాంటి కార్బపెనెమ్ మందులనే ఇవి విరిచేస్తాయి. ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిస్ నార్డ్‌మన్ బృందం 2012లో ప్రచురించిన కార్బా-ఎన్‌పీ పరీక్షలో బ్యాక్టీరియా సారాన్ని ఇమిపెనెమ్‌తో, ఫినాల్ రెడ్ అనే రంగుతో కలుపుతారు. ఎంజైమ్ మందును విరిచినప్పుడు ఆమ్లత పెరిగి, ఎర్రటి ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. రెండు గంటల్లోపే ఫలితం తెలుస్తుంది.

ఎక్కువ ఖర్చు లేకుండా చేయగలిగింది ఎంసీఐఎం పరీక్ష. మెరోపెనెమ్ బిళ్లను అనుమానిత బ్యాక్టీరియాతో కలిపి నాలుగు గంటలు నానబెడతారు. ఆ తర్వాత బిళ్లను తీసి, మందులకు లొంగే ప్రామాణిక ఈ.కోలి పూసిన ప్లేటు మీద పెడతారు. బిళ్లలో మందు మిగిలి ఉంటే పెద్ద వలయం వస్తుంది. ఎంజైమ్ మందును తినేసి ఉంటే వలయం రాదు, వచ్చినా చిన్నదిగా ఉంటుంది. ఇదే పరీక్షను ఈడీటీఏ అనే రసాయనం కలిపి మళ్లీ చేస్తే మరో వివరం తెలుస్తుంది. ఎన్‌డీఎం లాంటి మెటల్లో ఎంజైమ్‌లకు జింకు లేనిదే పని జరగదు. ఈడీటీఏ ఆ జింకును పట్టేసుకుంటుంది. దాంతో ఎంజైమ్ చతికిలబడి, వలయం కనీసం 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు అది మెటల్లో రకమని తేలిపోతుంది.

గర్భ పరీక్ష స్ట్రిప్‌లా గీతలు చూపే కిట్లూ వచ్చాయి. కేపీసీ, ఆక్సా-48, విమ్, ఇంప్, ఎన్‌డీఎం అనే ఐదు ప్రధాన కార్బపెనెమేజ్ కుటుంబాలను ఒకే స్ట్రిప్ మీద 15 నిమిషాల్లో వేరుచేసి చూపుతాయి. అవి గుర్తించేది ఎంజైమ్ ప్రోటీన్‌ను. జన్యువును నేరుగా చూడాలంటే డీఎన్‌ఏ దగ్గరికే వెళ్లాలి.

పీసీఆర్: తెలిసిన జన్యువు కోసం

అమెరికా శాస్త్రవేత్త క్యారీ ములిస్ 1983లో ఆలోచించిన పీసీఆర్, కోట్లాది అక్షరాల డీఎన్‌ఏలోంచి కావాల్సిన ముక్కను మాత్రమే లెక్కలేనన్ని నకళ్లుగా పెంచుతుంది. దానికే ఆయనకు 1993లో నోబెల్ వచ్చింది.

పని డీఎన్‌ఏ తీయడంతో మొదలవుతుంది. కిట్లు లేని ల్యాబుల్లో ఒక కాలనీని శుద్ధమైన నీటిలో కలిపి పది నిమిషాలు మరిగిస్తారు. కణాలు పగిలి డీఎన్‌ఏ బయటికొస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైతేట తీసుకుంటారు. అందులో వెతకాల్సిన జన్యువు రెండు కొసలకూ సరిపోయే ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, డీఎన్‌ఏ అక్షరాలు, ట్యాక్ అనే ఎంజైమ్ కలుపుతారు. ఈ ఎంజైమ్ వేడినీటి ఊటల్లో బతికే బ్యాక్టీరియాది కాబట్టి మరిగే వేడిలోనూ చెడదు. గొట్టాన్ని యంత్రంలో పెడితే మూడు ఉష్ణోగ్రతలు వరుసగా మారుతుంటాయి. 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ రెండు పోగులు విడిపోతాయి. 50 నుంచి 60 డిగ్రీల మధ్య ప్రైమర్లు తమకు సరిపడే చోట అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది. ఒక్కో ఆవృతికి నకళ్లు రెట్టింపవుతాయి. లెక్క ప్రకారం 30 ఆవృతులయ్యేసరికి ఒక్క ముక్క నూరు కోట్లు దాటుతుంది.

వచ్చిన ముక్కలను అగరోజ్ జెల్‌లో వేసి విద్యుత్ పంపిస్తే చిన్నవి ముందుకు, పెద్దవి వెనక నడుస్తాయి. రంగు పట్టించి అతినీలలోహిత కాంతిలో చూస్తే గీతలు మెరుస్తాయి. ఏ గీత ఎంత దూరంలో ఉందో చూసి అది ఏ జన్యువో చెబుతారు. లారెంట్ పొయిరెల్, నార్డ్‌మన్ బృందం 2011లో ప్రచురించిన పద్ధతిలో ఎన్‌డీఎం ముక్క పొడవు 621 అక్షరాలు, కేపీసీది 798, ఆక్సా-48ది 438, విమ్‌ది 390, ఇంప్‌ది 232. పొడవులు వేర్వేరు కాబట్టి ఒకే గొట్టంలో పలు జన్యువులను వెతకవచ్చు. దీన్నే మల్టీప్లెక్స్ పీసీఆర్ అంటారు.

ఈ పరీక్ష ఎంత సున్నితమో అంత జాగ్రత్తా కోరుతుంది. పక్క గొట్టం నుంచి తుంపర పడినా లేని జన్యువు ఉన్నట్టు చూపుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌లో ఆ జన్యువు ఖాయంగా ఉన్న బ్యాక్టీరియాను ఒక గొట్టంలో, లేనిదాన్ని మరో గొట్టంలో, డీఎన్‌ఏ కలపని నీటిని ఇంకో గొట్టంలో పెడతారు. నీటి గొట్టంలో గీత కనిపిస్తే ఆ రోజు ఫలితాలన్నీ చెల్లవు. అన్ని బ్యాక్టీరియాల్లో ఉండే 16ఎస్ జన్యువును కూడా పరీక్షించడం మంచి ల్యాబుల అలవాటు. అది కూడా రాకపోతే పరీక్షే జరగలేదని అర్థం, జన్యువు లేదని కాదు.

రియల్‌టైమ్ పీసీఆర్‌లో జెల్ అవసరం లేదు. నకళ్లు పెరిగేకొద్దీ గొట్టంలో వెలుగు పెరుగుతుంది. ఎన్నో ఆవృతిలో ఆ వెలుగు గీత దాటిందో చూసి మొదట జన్యువు ఎంత ఉందో కూడా లెక్కగట్టవచ్చు. ఈ పద్ధతిని చిన్న డబ్బాలో ఇమిడ్చి క్షయ రంగంలో పెద్ద మార్పు తెచ్చింది జీన్‌ఎక్స్‌పర్ట్. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించింది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగని క్షయ సూక్ష్మజీవుల్లో దాదాపు 95 శాతం మార్పులు ఆర్‌పీఓ-బీ అనే జన్యువులో 81 అక్షరాల చిన్న ప్రాంతంలోనే ఉంటాయి. యంత్రం ఆ ప్రాంతాన్నే చదువుతుంది. కళ్లె నుంచి నేరుగా, రెండు గంటల్లోపు క్షయ ఉందో లేదో, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చెబుతుంది. కల్చర్ మీద ఆధారపడితే ఇదే జవాబుకు వారాలు పట్టేది. గోవా కంపెనీ తయారుచేసిన ట్రూనాట్ యంత్రం ఇదే పనిని బ్యాటరీ మీద, చిన్న ఆరోగ్య కేంద్రాల్లో కూడా చేయగలదు. 2020లో దానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది.

పీసీఆర్ లేదన్నచోట దొరికిన ఎన్‌డీఎం-1

పీసీఆర్‌కు ఒక హద్దు ఉంది. ప్రైమర్ రాసినవాళ్లకు తెలిసిన జన్యువునే అది వెతకగలదు. ఆ హద్దు ఎంత ముఖ్యమో ఎన్‌డీఎం-1 కథ చెబుతుంది.

న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ తిరిగి వెళ్లిన ఒక రోగి మూత్రంలో 2008లో క్లెబ్సియెల్లా దొరికింది. కార్బపెనెమ్‌లకు అది లొంగలేదు. ఎంజైమ్ పరీక్షలు మెటల్లో రకం ఉందన్నాయి. అప్పటికి తెలిసిన మెటల్లో జన్యువులన్నిటికీ చేసిన పీసీఆర్ మాత్రం ఏదీ లేదంది. రెండు పరీక్షలూ సరిగానే జరిగాయి. అంటే అది ఎవరికీ తెలియని కొత్త జన్యువు అయి ఉండాలి.

పరిశోధకులు ఆ బ్యాక్టీరియా డీఎన్‌ఏను ముక్కలు చేసి, మందులకు లొంగే ఈ.కోలిలో చొప్పించారు. మందు కలిపిన ప్లేటు మీద బతికిన ఈ.కోలిలో ఉన్న ముక్కే నిందితురాలు. దాన్ని అక్షరం అక్షరం చదివితే ఎన్‌డీఎం-1 బయటపడింది. తెలిసిన వాటిలో దానికి అతి దగ్గరి బంధువులైన విమ్ ఎంజైమ్‌లతో సైతం పోలిక 32.4 శాతమే. పాత ప్రైమర్లు అతుక్కోకపోవడానికి కారణం అదే. జన్యువు లక్షా 80 వేల అక్షరాల ప్లాస్మిడ్ మీద ఉందని, అది ఇతర బ్యాక్టీరియాకు సులువుగా వెళ్తోందని కూడా తేలింది. అదే రోగి మలంలోని ఈ.కోలిలోనూ జన్యువు కనిపించింది. బదిలీ మనిషి శరీరంలోనే జరిగిందని అంచనాకు వచ్చారు. ఈ వివరాలు 2009లో ప్రచురితమయ్యాయి.

పేరు, అక్షరాలు తెలిశాక వెతకడం సులువైంది. 2010లో భారత్, పాకిస్థాన్, బ్రిటన్ రోగుల నమూనాల్లో అది దొరికింది. 2011లో వెలువడిన అధ్యయనం ఢిల్లీ వీధుల నీటిని పరీక్షించింది. నిలిచిన మురుగు, ఊట నీటి నమూనాలు 171లో 51, కొళాయి నీటి నమూనాలు 50లో 2 ఈ జన్యువును చూపాయి. ఆసుపత్రి గోడలు దాటి అది వీధిలోకి వచ్చేసిందని ఆ లెక్క రుజువు చేసింది.

చైనాలో 2015లో బయటపడిన ఎంసీఆర్-1 జన్యువుదీ దాదాపు ఇలాంటి దారే. షాంఘైలో పందుల నుంచి తీసిన ఈ.కోలి కొలిస్టిన్‌కు లొంగలేదు. ఆ గుణం మరో బ్యాక్టీరియాకు బదిలీ అవుతోందని ల్యాబులో గమనించాక, ప్లాస్మిడ్‌ను చదివి జన్యువును పట్టుకున్నారు. కొలిస్టిన్ చాలామంది రోగులకు మిగిలిన ఆఖరి మందు. భారత ప్రభుత్వం 2019 జులైలో ఆహారం కోసం పెంచే పశువులు, కోళ్లు, చేపలు, రొయ్యలకు దాని వాడకాన్ని నిషేధించింది. కోళ్ల ఫారాలు, రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్న తెలుగు నేలకు ఆ నిర్ణయం ఎంతో అవసరమైనది.

మొత్తం జన్యుక్రమం చదివితే

ఒక్కో జన్యువును విడివిడిగా వెతికే బదులు బ్యాక్టీరియా మొత్తం డీఎన్‌ఏను చదివేయడం ఇప్పుడు సాధ్యం. ఈ.కోలి క్రోమోజోములో సుమారు 46 లక్షల అక్షరాలుంటాయి. ఇల్యుమినా యంత్రాలు దాన్ని చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కో చోటును పదుల సార్లు చదువుతాయి. కంప్యూటర్ ఆ ముక్కలను కలిపి క్రమం నిలబెడుతుంది. అందులో నిరోధక జన్యువులు ఏమున్నాయో తెలుసుకోవడానికి డెన్మార్క్‌కు చెందిన రెస్‌ఫైండర్, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నిర్వహించే కార్డ్, అమెరికాకు చెందిన ఏఎంఆర్‌ఫైండర్ లాంటి జన్యు నిధులతో పోల్చి చూస్తారు.

ఒకటి రెండు అక్షరాల తేడా కూడా ఇక్కడ తెలుస్తుంది. ఎన్‌డీఎం-1 ఎంజైమ్‌లో 270 అమైనో ఆమ్లాలుంటాయి. వాటిలో రెండే మారితే ఎన్‌డీఎం-5. మామూలు పీసీఆర్ గీతకు ఈ రెండింటి తేడా తెలియదు.

ముక్కలు చిన్నవైతే జన్యువు క్రోమోజోము మీద ఉందో, ప్లాస్మిడ్ మీద ఉందో చెప్పడం కష్టం. నిరోధక జన్యువుల పక్కన ఒకే రకం అక్షరాలు పదేపదే వస్తుండటమే కారణం. నానోపోర్ లాంటి యంత్రాలు వేల అక్షరాల పొడవైన పోగులను ఒకే ఊపున చదువుతాయి కాబట్టి ప్లాస్మిడ్ వలయం పూర్తిగా బయటపడుతుంది. జన్యువు పాకే వేగాన్ని అంచనా వేయడానికి ఈ సమాచారం కీలకం. ఒకే వార్డులో ఐదుగురికి సోకిన క్లెబ్సియెల్లాల క్రమాలను పోల్చితే ఒకరి నుంచి ఒకరికి వచ్చిందో, ఎవరికి వారికి బయట నుంచి వచ్చిందో తేలుతుంది. ఆసుపత్రి ఎక్కడ జాగ్రత్త పడాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

చదివి దాచిన క్రమాలకు మరో విలువ ఉంది. ఎంసీఆర్-1 సంగతి వెలుగుచూసిన కొద్ది వారాల్లోనే డెన్మార్క్ శాస్త్రవేత్తలు తమ కంప్యూటర్లలో ఉన్న పాత క్రమాలను వెతికారు. ఒక రోగి నమూనాలో, దిగుమతైన కోడిమాంసం నమూనాల్లో ఆ జన్యువు అప్పటికే ఉందని గుర్తించారు. కొత్తగా ఒక్క ప్లేటు కూడా పెంచాల్సిన పని లేకపోయింది.

నీటిలో, మట్టిలో వెతుకులాట

ప్రకృతిలోని బ్యాక్టీరియాలో అధిక భాగం ల్యాబ్ ప్లేట్ల మీద పెరగదు. వాటి జన్యువులను చూడాలంటే నీటి నుంచి, మట్టి నుంచి మొత్తం డీఎన్‌ఏను ఒకేసారి తీసి చదవాలి. ఇదే మెటాజీనోమిక్స్. ఈ పద్ధతి చరిత్రలో హైదరాబాద్ శివార్లకు చోటుంది. పటాన్‌చెరులో ఎన్నో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. తర్వాత అక్కడి వాగుల అడుగు మట్టిలోని డీఎన్‌ఏను చదివి 2011లో మరో అధ్యయనం ప్రచురించారు. వ్యర్థాలు కలిసే చోటికి దిగువన నిరోధక జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్లు పెద్దఎత్తున ఉన్నాయని అది చూపింది. 2014లో కాజిపల్లి చెరువు మట్టిపైనా అలాంటి ఫలితాలే వచ్చాయి. మందు కలిసిన నీరు మొండి జన్యువులను పెంచుతుందన్న వాదనకు ఈ నేల బలమైన సాక్ష్యంగా నిలిచింది.

అయితే ఈ జన్యువులు ఫ్యాక్టరీలతోనే పుట్టినవి కావు. కెనడాలోని యుకాన్ ప్రాంతంలో 30 వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల నుంచి తీసిన డీఎన్‌ఏలోనూ పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, వాంకోమైసిన్ తరగతుల మందులను తట్టుకునే జన్యువులు ఉన్నాయని 2011లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన నిరూపించింది. శిలీంధ్రాలు, మట్టి బ్యాక్టీరియా ఒకదాని మీద ఒకటి యాంటీబయాటిక్‌లు ప్రయోగించుకోవడం ఎంత పాతదో, వాటిని తట్టుకునే జన్యువులూ అంత పాతవి. మనిషి చేసింది వాటిని ఎంపిక చేసి, పెంచి, ఊరూరా పంచడం.

జన్యువు ఉంటే చాలదు

జన్యువు కనిపించిందంటే మందు పనిచేయదని వెంటనే తీర్పు చెప్పకూడదు. కొన్ని జన్యువులు ఉన్నా నిద్రాణంగా ఉంటాయి. అసినెటోబ్యాక్టర్ బౌమనై జాతి మొత్తానికి ఆక్సా-51 అనే జన్యువు పుట్టుకతోనే ఉంటుంది. దాని ముందు ఐఎస్-ఏబా-1 అనే జంప్ చేసే డీఎన్‌ఏ ముక్క వచ్చి కూర్చుంటే, జన్యువు బలంగా పనిచేయడం మొదలై కార్బపెనెమ్‌లకు నిరోధకత వస్తుంది. ముక్క ముందు ఉందో లేదో చూడకుండా జన్యువును మాత్రమే చూస్తే పొరపాటు జరుగుతుంది.

తిరగేసి చూస్తే, పీసీఆర్‌లో ఏ జన్యువూ రాకపోయినా మందు పనిచేయకపోవచ్చు. ద్వారాల ప్రోటీన్లు తగ్గిపోవడం, సొంత పంపులు ఎక్కువ పనిచేయడం లాంటివి జన్యు నిధుల జాబితాకు సులువుగా దొరకవు. అలాంటప్పుడు జన్యువు ఎంత పనిచేస్తోందో ఆర్‌ఎన్‌ఏను కొలిచి తెలుసుకుంటారు. అనుమానిత జన్యువును తీసేసి, మళ్లీ పెట్టి, మందుకు లొంగే గుణం ఎలా మారుతోందో చూస్తారు. పరిశోధనలో చివరి రుజువు అదే.

చికిత్స విషయానికి వస్తే, ఏ జన్యువన్నది తెలియడం వల్ల మందు ఎంపికే మారిపోతుంది. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే జంట మందు కేపీసీ, ఆక్సా-48 ఉన్న బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. ఎన్‌డీఎం మీద పనిచేయదు. జింకుతో నడిచే ఎంజైమ్‌ను అవిబాక్టమ్ ఆపలేదు. అజ్‌ట్రియోనమ్ అనే మరో మందును ఎన్‌డీఎం విరవలేదు గానీ, అదే బ్యాక్టీరియాలో తోడుగా ఉండే ఈఎస్‌బీఎల్‌లు విరిచేస్తాయి. వాటిని అవిబాక్టమ్ ఆపుతుంది. అందుకే ఎన్‌డీఎం ఉన్నవారికి ఆ జంట మందునూ అజ్‌ట్రియోనమ్‌నూ కలిపి ఇస్తారు. కార్బపెనెమ్‌కు లొంగదన్న కల్చర్ రిపోర్టు ఒక్కటే చేతిలో ఉన్న డాక్టరుకు ఈ దారి తెలిసేది కాదు. జన్యువు పేరు ఒక్కటే ఉన్నా, కలిపి ఇచ్చే మందులు నిజంగా పనిచేస్తాయో లేదో కల్చర్ చెప్పాలి.

ఏ పరీక్షకు ఎంత సమయం?

కల్చర్, సెన్సిటివిటీ: రెండు నుంచి మూడు రోజులు. ఏ మందు పనిచేస్తుందో చెబుతుంది.

కార్బా-ఎన్‌పీ: కాలనీ దొరికాక రెండు గంటల్లోపు. కార్బపెనెమ్‌ను విరిచే ఎంజైమ్ ఉందో లేదో చెబుతుంది.

స్ట్రిప్ కిట్: కాలనీ దొరికాక 15 నిమిషాలు. ఐదు ప్రధాన కుటుంబాల్లో ఏదో చెబుతుంది.

పీసీఆర్: కొన్ని గంటలు. తెలిసిన జన్యువు ఉందో లేదో చెబుతుంది.

జీన్‌ఎక్స్‌పర్ట్: కళ్లె నుంచి నేరుగా రెండు గంటల్లోపు. క్షయ, రిఫాంపిసిన్ నిరోధకత.

మొత్తం జన్యుక్రమం: సాధారణంగా కొన్ని రోజులు. ఏ జన్యువులు ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, ఎవరి నుంచి వచ్చాయి.

రోగి చేతిలో ఉన్నది

ఎంత గొప్ప యంత్రమైనా నమూనా సరిగా లేకపోతే చేయగలిగింది లేదు. యాంటీబయాటిక్ మొదటి డోసు పడ్డాక తీసిన రక్తంలో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. కాలనీ పెరగకపోతే సెన్సిటివిటీ లేదు, ఎంజైమ్ పరీక్ష లేదు, జన్యుక్రమం కూడా లేదు. తీవ్రమైన జ్వరంతో ఆసుపత్రిలో చేరినప్పుడు, వ్యవధి ఉన్నంతవరకు, కల్చర్ నమూనా ముందు, మందు తర్వాత అన్నది వైద్యశాస్త్రం చెప్పే క్రమం. జిల్లా స్థాయి ఆసుపత్రుల్లోనూ కల్చర్ ల్యాబులు, వాటిని నడిపే మైక్రోబయాలజిస్టులు ఉండటం ఇందుకే అత్యవసరం. ఎక్కువ జన్యు పరీక్షలు ఆ పునాది మీదే నిలుస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి 2013 నుంచి దేశంలోని పెద్ద ఆసుపత్రుల కల్చర్ ఫలితాలను ఒకచోట చేర్చి నిఘా పెడుతోంది. ఆ గొలుసు చిన్న పట్టణాల దాకా చేరాలి.

పాఠకులు చేయగలిగింది తక్కువేమీ కాదు. డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనకూడదు. పాత మాత్రలను కొత్త జ్వరానికి వాడకూడదు. డాక్టర్ కల్చర్ రాస్తే ఖర్చని, ఆలస్యమని వాయిదా వేయకూడదు. పాత కల్చర్ రిపోర్టులను భద్రపరిచి, మళ్లీ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాలి. గతంలో ఏ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగలేదో ఆ కాగితం చెబుతుంది. కొత్త రిపోర్టు వచ్చేలోగా డాక్టరు సరైన మందుతో మొదలుపెట్టడానికి అది పనికొస్తుంది.